గర్భస్థ శిశువు తూకము: స్కానింగు చెప్పు అంచనా

కళ్ళములో కుప్ప నూర్చకమునుపే "ఇది యెన్ని బస్తాలగును?" అని యడుగుట మన డెల్టా రైతులకు వాడుక. అనుభవశాలియగు వృద్ధుడొకడు కుప్ప చుట్టును ఒకమాఱు తిరిగి, ఎత్తును కన్నులతో కొలిచి, నాలుగు వెన్నులు చేత నలిపిచూచి, "నలుబది బస్తాలకు తగ్గదు" అనును. నూర్చి కాటా వేసిన పిమ్మట ముప్పదియాఱో నలుబదిమూడో తేలును. అందులకు ఎవ్వరును ఆతనిని దూషింపరు. అంచనా వేఱు, కాటా వేఱు అని అందఱును ఎఱిగినదే. అయితే ఈ రైతే తన కోడలినో కూతురినో నెలలు నిండిన తఱి స్కానింగునకు తీసికొనిపోయి, చేతికిచ్చిన కాగితమున "3,800 గ్రాములు" అను అంకెను చూచినంతనే, దానిని కాటాపై తూచిన తూకముగా నమ్మును. ఈ నమ్మకమువలన కలుగు చిక్కులు మన గ్రామములలో తఱచుగా కానవచ్చుచున్నవి. కావున ఆ అంకె యెట్లు పుట్టునో, దానిని ఎంతవఱకు నమ్మవచ్చునో, అది నిజముగా ఎచ్చట ఉపకరించునో ఇచ్చట వివరింప దలచితిని.

మనుష్యుని చెవి సెకండునకు ఇరువదివేల కంపనములవఱకు గల ధ్వనిని మాత్రమే వినగలదు. గర్భిణీ స్త్రీలకు చేయు స్కానింగులో యంత్రము పంపు ధ్వని సెకండునకు ఇరువది లక్షలు మొదలు ఏబది లక్షల కంపనములు గలది. కాకినాడ రేవునుండి వేటకు పోవు మరపడవలలో నీటి లోతును, చేపల గుంపుల జాడను తెలుపు యంత్రములుండుట మనలో కొందఱు చూచియుందురు. పడవ అడుగున పుట్టిన ధ్వని సముద్రపు నేలకో చేపలకో తగిలి మరలి వచ్చును. వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి లోతు తెలియును. స్కానింగు కూడ ఇట్టిదియే. శరీరములోని మెత్తని భాగములయందు ధ్వని సెకండునకు సుమారు 1,540 మీటర్లు పోవునని యంత్రము లెక్క వేసికొనును. పది సెంటీమీటర్ల లోతునుండి ప్రతిధ్వని తిరిగివచ్చుటకు పట్టు కాలము, సెకండును లక్ష భాగములు చేసినచో, అందు పదమూడు భాగములు. గాలి ఈ ధ్వనిని లోనికి పోనీయదు. అందుచేతనే పొట్టపై చల్లని జెల్లు పూసి పరికరమును చర్మమునకు అంటియుంచెదరు. ఇది ఎక్సురే కాదు. వైద్యుడు అవసరమని చెప్పి చేయించిన స్కానింగువలన బిడ్డకు కీడు కలిగినట్లు ఇంతవఱకు రుజువు కాలేదు.

ఈ పద్ధతి పుట్టుక ఒకింత వింతయైనది. ఇనుప పలకలలో కంటికి కానరాని పగుళ్ళను కనుగొనుటకు కార్ఖానాలలో వాడు ధ్వని యంత్రమును స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరపు ప్రసూతి వైద్యాచార్యుడు ఇయాన్ డోనాల్డు చూచి, మనుష్య శరీరముపై ప్రయోగించి, సహవైద్యుడు జాన్ మాక్‌వికార్, ఇంజనీరు టామ్ బ్రౌను అను వారితో కలిసి 1958లో లాన్సెట్ అను వైద్య పత్రికలో ప్రకటించెను. (అదే సంవత్సరమున మన కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ఆరంభమైనది.) 1975లో కాంబెల్, విల్కిన్ అను వారు బిడ్డ పొట్ట చుట్టుకొలతనుబట్టి తూకమును ఊహింపవచ్చునని చూపిరి. తరువాత అమెరికాలో హూస్టను నగరమున హాడ్‌లాక్ అను వైద్యుడును ఆతని సహచరులును 1985లో ప్రకటించిన సూత్రములే నేటికిని మన పట్టణములలోని యంత్రములలో విస్తారముగా వాడబడుచున్నవి.

ఆ సూత్రమునకు కావలసినవి నాలుగు కొలతలు: తల అడ్డుకొలత, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడయెముక పొడవు. యంత్రము బిడ్డను తూచదు. తూచుటకు అందు త్రాసే లేదు. వైద్యుడు తెరపై చుక్కలు పెట్టి ఈ నాలుగింటిని కొలువగా, యంత్రము వానిని సూత్రములో వేసి గ్రాములుగా మార్చును. ఒక ఉదాహరణము చూడుడు. తల అడ్డుకొలత 9 సెంటీమీటర్లు, తల చుట్టుకొలత 32.5, పొట్ట చుట్టుకొలత 32, తొడయెముక 7 సెంటీమీటర్లు అనుకొందము. హాడ్‌లాక్ సూత్రముచొప్పున తూకము సుమారు 2,840 గ్రాములు వచ్చును. తక్కిన మూడును అట్లే యుంచి పొట్ట కొలతను మాత్రము 33 సెంటీమీటర్లు చేసినచో సుమారు 2,980 గ్రాములగును. అనగా చుట్టుకొలతలో ఒక్క సెంటీమీటరు తేడాకు 140 గ్రాములు మాఱినవి. ఇక బిడ్డ పొట్ట నిలకడగా ఉండు వస్తువా? బిడ్డ కదలును, వంగును, ఊపిరి తీయుటను అభ్యసించుచు పొట్టను ఎగవేయును. తెరపై గుండ్రముగా కనబడవలసిన పొట్ట అడ్డకోత కొంచెము ఏటవాలుగా పడినచో కోడిగ్రుడ్డువలె సాగి కొలత పెరుగును. నెలలు నిండిన పిమ్మట తల క్రిందికి దిగి కటి యెముకల మధ్య చేరుటచే తల కొలత దొరకుట కష్టము. ఉమ్మనీరు తక్కువైనను, తల్లి శరీరము స్థూలమైనను బొమ్మ మసకబాఱును.

భీమవరము, కైకలూరు ప్రాంతములలో చెఱువులు పెట్టిన వారికి ఇది సులభముగా బోధపడును. విసురువల నాలుగు మూలల వేసి, పడిన రొయ్యలను తూచి, కౌంటు కట్టి, చెఱువు మొత్తమున ఇన్ని టన్నులున్నవని చెప్పుదురు. వల వేసిన చేయి మంచిదైనను, లెక్క సరియైనదైనను, పట్టుబడినాడు తేలు తూకము వేఱుగా ఉండుటకు వీలున్నది. స్కానింగు అంచనాలో ఇంకొక చిక్కు కూడ కలదు. ఒకే కొలతలు గల ఇద్దఱు బిడ్డలలో ఒకనికి క్రొవ్వు అధికముగాను, మఱియొకనికి తక్కువగాను ఉండవచ్చును. పైగా ఆ సూత్రము కట్టబడినది అమెరికా దేశపు బిడ్డల కొలతలపై. మన బిడ్డలు సామాన్యముగా అంతకంటె చిన్నవారు.

ఇన్ని కారణములచే, నిపుణులు చేసిన స్కానింగులలో కూడ, అనేక పరిశీలనలలో తేలినదేమనగా, మూడింట రెండు పాళ్ళు మొదలు నాల్గింట మూడు పాళ్ళవఱకు బిడ్డల విషయమున మాత్రమే అంచనా అసలు తూకమునకు నూటికి పదిలోపు తేడాతో సరిపడును. మిగిలిన వారియందు అంతకు మించును. ఒక్కొక్కప్పుడు నూటికి పదునైదు, ఇరువదివఱకు పోవును. కాన కాగితమున 3,000 గ్రాములని యున్నచో దానిని 2,700 నుండి 3,300 వఱకు అని చదువుకొనవలెను. 4,000 అని యున్నచో 3,600 నుండి 4,400 వఱకు. బిడ్డ పెద్దదైనకొలది గ్రాములలో పొరపాటు కూడ పెద్దదగును. అనగా భయపడుటకు ఎక్కువ అవకాశమున్నచోటనే అంకె ఎక్కువ అస్థిరమైనది. 1992లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, మునుపు కాన్పైన తల్లులను "నీ బిడ్డ ఎంత తూగును?" అని యడుగగా, వారి ఊహ స్కానింగుకంటె తీసిపోలేదని తేలినది. మన పూర్వపు మంత్రసానులు చేతితో తడవి చెప్పిన మాటలను మనము పరిహసింపబని లేదు. నేటి వైద్యులు కూడ చేతితో పొట్టను పరీక్షించుట మానలేదు.

మా యింట జరిగినదే చెప్పెదను. మా తమ్ముని కుమార్తె తొలి కాన్పునకు పుట్టింటికి వచ్చియుండెను. నెలలు నిండుచుండగా పట్టణములో ఒక స్కానింగు కేంద్రమున బిడ్డ 3,800 గ్రాములని వ్రాసియిచ్చిరి. పిల్ల పొట్టి మనిషి. "ఇంత బిడ్డ ఎట్లు పుట్టును?" అని ఇంటిల్లిపాదికి గుండెలు జారినవి. వియ్యంకుడుగారు టెలిఫోనులో, "బావగారూ, మంచి ముహూర్తము పెట్టించి ఆపరేషను చేయించుడు, ఖర్చు సగము మేము పెట్టుకొందుము" అనిరి. దాళ్వా ఊడ్పులకని సంఘమునుండి తెచ్చిన సొమ్ము తమ్ముడు సంచిలో వేసికొనెను. నేను పట్టుబట్టి పిల్లను ఒక ప్రభుత్వాస్పత్రిలోని పెద్ద డాక్టరమ్మగారివద్దకు తీసికొనిపోతిని. ఆమె పొట్టను తడవిచూచి, రక్తపు పోటును, చక్కెరను పరీక్షింపించి, "బిడ్డ అంత పెద్దది కాదని నాకు తోచుచున్నది. అంతే యనుకొన్నను చక్కెరవ్యాధి లేదు, తల చక్కగా దిగినది. నొప్పులు రానిండు, అప్పుడు చూతము" అనెను. తొమ్మిది దినములకు నొప్పులు వచ్చి ఆడుబిడ్డ సుఖముగా పుట్టినది. కాటాపై 3,350 గ్రాములు. ఆ తొమ్మిది దినములలో బిడ్డ కొంత పెరిగియే యుండును కదా. కావున స్కానింగునాటి పొరపాటు 450 గ్రాములకు మించినదే. అయినను ఆ కేంద్రమువారిని నేను తప్పు పట్టను. వారి అంకె, నే పైన చెప్పిన హద్దులలోనిదే. తప్పు, ఆ అంకెను మేము చదివిన తీరునందున్నది.

పెద్ద బిడ్డవలన నిజమైన అపాయము లేకపోలేదు. తల పుట్టిన పిమ్మట భుజము చిక్కుకొనుట అందు ముఖ్యము. దానివలన చేతికి పోవు నరములు దెబ్బతినవచ్చును. తల్లికి చక్కెరవ్యాధి యున్నచో బిడ్డకు భుజములవద్దను పొట్టయందును క్రొవ్వు చేరుటచే ఈ భయము అధికము. కాని ఇచ్చట కూడ లెక్క వేసిచూచిన వారున్నారు. చక్కెరవ్యాధి లేని తల్లులలో స్కానింగు అంచనా 4,500 గ్రాములకు మించినవారికందఱకును ఆపరేషను చేసినచో, శాశ్వతముగా చేయి దెబ్బతిను ఒక్క బిడ్డను తప్పించుటకు 3,695 ఆపరేషనులు కావలెనని 1996లో అమెరికా వైద్యులు గణించిరి. చక్కెరవ్యాధి గల తల్లులలో 443 చాలును. ఈ కారణముననే అమెరికా ప్రసూతి వైద్యుల సంఘము, బిడ్డ పెద్దదను కారణమున ముందుగానే ఆపరేషను ఆలోచించుటకు, చక్కెరవ్యాధి లేనివారికి 5,000 గ్రాములు, ఉన్నవారికి 4,500 గ్రాములు హద్దుగా పెట్టినది. మన ప్రాంతమున 3,600, 3,800 అను అంకెలకే గుండెలు బాదుకొనుట చూడగా, ఈ హద్దు ఎంత దూరమున నున్నదో తెలియగలదు.

2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు ఆపరేషనువలననే జరిగినవని తేలినది, తెలంగాణలో 60.7, దేశము మొత్తమునకు 21.5. ప్రైవేటు ఆస్పత్రులలో ఈ పాలు ప్రభుత్వాస్పత్రులకంటె రెండింతలకు మించినది. అందు అవసరమైనవి అనేకములు, తల్లిబిడ్డల ప్రాణములు నిలిపినవి అనేకములు. అయినను ఒక ఆపరేషనైన గర్భసంచికి తరువాతి కాన్పులలో మచ్చ విచ్చుట, మాయ క్రిందుగా అంటుకొనుట వంటి కష్టములు హెచ్చునని మఱవరాదు. "బిడ్డ పెద్దది" అను ఒక్క మాట తప్ప వేఱు కారణము చెప్పనప్పుడు, వైద్యుని మర్యాదగా ఇట్లడుగవచ్చును: చక్కెర యున్నదా? తల దిగినదా? మీ చేతికి ఎంత యని తోచుచున్నది? నొప్పులు వచ్చువఱకు వేచినచో ఏమగును? మంచి వైద్యుడు వీనికి కోపింపడు.

ఇక రెండవ సంగతి. నా అభిప్రాయమున ఇదియే ఎక్కువ ముఖ్యమైనది, మనవారు బొత్తిగా ఉపేక్షించునది. స్కానింగు అంచనా నిజముగా ప్రాణరక్షణ చేయునది పెద్ద బిడ్డ విషయమున కాదు, పెరుగని బిడ్డ విషయమున. మన పల్లెలలో "బిడ్డ చిన్నదైన కాన్పు సులువు" అని తలచి నెలలు నిండుకొలది చూలాలికి అన్నము తగ్గించు ఇండ్లు నేటికిని ఉన్నవి. గోదావరి లంకలలో నాకు తెలిసిన ఒక కుటుంబమున ముప్పదినాలుగవ వారమున బిడ్డ 1,900 గ్రాములనియు, మూడు వారములకు పిమ్మట 2,050 గ్రాములనియు వ్రాసియిచ్చిరి. మాయనుండి బిడ్డకు రక్తము సరిగా పోవుచున్నదో లేదో బొడ్డుతాటి రక్తప్రవాహపు పరీక్ష చేయింపుడని పెద్దాస్పత్రికి చీటి కూడ వ్రాసిరి. ఇంటివారు "చిన్న బిడ్డ, సుఖప్రసవము" అని సంతసించి, చీటిని పెట్టెలో పెట్టి, కోతలైన పిమ్మట చూతమనిరి. వారము తిరుగకమునుపే కడుపులో కదలిక తగ్గినది. ఏఱు దాటి ఆస్పత్రికి చేరునప్పటికి బిడ్డ గుండె ఆగియుండెను.

ఆ రెండు అంకెలలో దేనిని విడిగా చూచినను అంచనాలో పొరపాటని త్రోసివేయవచ్చును. రెండును కలిపి చూచినప్పుడే అర్థము తెలియును. ఆ నెలలలో ఆరోగ్యముగల బిడ్డ వారమునకు సుమారు 200 గ్రాములు పెరుగును. మూడు వారములలో ఆఱువందలు పెరుగవలసినది నూటయేబది మాత్రమే పెరిగినది. వరిచేను ఒకనాడు చూచినచో మంచిదో చెడ్డదో చెప్పుట కష్టము. పిలక తొడుగునాడు చూచి, మరల పొట్టకు వచ్చునాడు చూచినచో ఎదుగుదల తెలియును. అయితే రెండు స్కానింగుల నడుమ కనీసము రెండు వారములు, వీలైనచో మూడు వారములు ఉండవలెను. అంతకు ముందే చేయించినచో పెరుగుదలకంటె కొలతలోని పొరపాటే ఎక్కువై, లేని భయమో లేని ధైర్యమో కలుగును.

నెలల లెక్క సరిగా లేనిచో తూకపు అంకెకు విలువయే లేదు. 2,200 గ్రాములు ముప్పదినాలుగు వారముల బిడ్డకు సరియైన తూకము. నలుబది వారముల బిడ్డకు అపాయకరము. ఊడ్పులనాటి తారీఖు తెలియక చేను ముదిరినదో లేతయో చెప్పబోయిన చందమగును. అందుచే గర్భము నిలిచిన మూడు నెలలలోపల ఒక స్కానింగు చేయించినచో, బిడ్డ తలనుండి పిరుదులవఱకు గల పొడవునుబట్టి వారములు నాలుగైదు దినముల తేడాతో తెలియును. ఏడవ నెల దాటిన పిమ్మట మొదటిసారి చేయించినచో తేడా రెండు మూడు వారములు ఉండవచ్చును. మన వారిలో పలువురు తొలి స్కానింగును మాని తుది స్కానింగునకు పరుగెత్తుట తలక్రిందుల పని.

బిడ్డ పెరుగుట లేదని తేలినపుడు వైద్యులు తల్లి రక్తపుపోటును, రక్తహీనతను చూచెదరు. పైన చెప్పిన పరిశీలనలోనే మన రాష్ట్రపు గర్భిణీ స్త్రీలలో సగమునకు మించి రక్తహీనులని తేలినది. ఇనుపధాతువు మాత్రలు ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇచ్చుచుండగా కిటికీలో పెట్టి మఱచుట మానవలెను. బిడ్డ కదలికలు మునుపటికంటె తగ్గినచో స్కానింగు తేదీకై వేచియుండక ఆనాడే ఆస్పత్రికి పోవలెను. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాస్పత్రులలో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ కార్యక్రమము క్రింద గర్భిణీ స్త్రీలకు వైద్యులు ఉచితముగా పరీక్షలు చేయుచున్నారు.

స్కానింగు గదిలో ఆడో మగో చెప్పుమని అడుగరాదు. 1994నాటి శాసనమువలన అది నేరము. చెప్పిన వైద్యునికి మూడు సంవత్సరములవఱకు చెఱయు, పదివేల రూపాయలవఱకు జరిమానాయు విధింపవచ్చును. అడిగి చేయించుకొన్న ఇంటివారు కూడ శిక్షార్హులే. ప్రతి కేంద్రమున ఈ సంగతి తెలుగులో వ్రాసిన పలక గోడపై నుండును. తూకమును అడుగువాడు తూకమునే అడుగవలెను.

లంక గ్రామములవారికి ఇంకొక మాట. 2022 జూలై వరదలో ధవళేశ్వరము ఆనకట్టవద్ద 25 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చినపుడు, నెలలు నిండిన స్త్రీలను అధికారులు ముందుగానే పడవలపై దాటించి ఆస్పత్రులకు చేర్చవలసివచ్చెను. మీ ఇంటి చూలాలి కాన్పు శ్రావణ భాద్రపదములలో పడునదై, స్కానింగులో బిడ్డ చిన్నదని గాని, తల్లికి పోటున్నదని గాని తేలియున్నచో, నీరు గట్టెక్కువఱకు ఆగక, పసిబిడ్డల ప్రత్యేక చికిత్స గల కాకినాడ ప్రభుత్వ సార్వజనిక ఆస్పత్రి, రాజమహేంద్రవరపు ప్రభుత్వాస్పత్రి వంటి చోటికి చేరువలో బంధువుల ఇంట ఉంచుట మేలు. ఎంత వైద్యము తెలిసిన మంత్రసానియైనను 1,800 గ్రాముల బిడ్డకు పడవలో వేడిమి కల్పింపజాలదు.

బిడ్డ పుట్టిన పిమ్మట గుడ్డలు తీసి కాటాపై తూచి, ఆ తూకమును తల్లీబిడ్డల రక్షణ కార్డులో వ్రాయింపుడు. 2,500 గ్రాములకు తక్కువైనచో తక్కువ తూకపు బిడ్డగా ఎంచి, వెచ్చదనమునకును పాలు పట్టుటకును నర్సు చెప్పినట్లు నడువవలెను. 2,000 గ్రాములకు తక్కువైనచో తల్లి ఱొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు పెట్టుకొనుట నేర్పుదురు. చివరి స్కానింగులో వ్రాసిన అంకెను కూడ ఆ కార్డులోనే, తేదీతో, కాటా తూకము ప్రక్కన వ్రాయించుకొనుడు. తరువాతి కాన్పునకు ఆ కార్డును వెంట తీసికొనిపోయినచో, మొదటి బిడ్డ ఎంత తూగి ఎట్లు పుట్టినదో, అప్పటి అంచనా ఎటువైపు ఎంత తప్పినదో వైద్యునికి తెలియును.